పదో తరగతి స్నేహం మీద నవ్వించే సినిమా తీయాలంటే

పదో తరగతి స్నేహితుల మీద ఒక కామెడీ సినిమా తీద్దాం టీచర్ అని పిల్లలు వచ్చినప్పుడు నేను ముందు అడిగేది ఒక్కటే: జూన్‌లో ఎవరు ఎక్కడికి పోతున్నారు? నెల్లూరు జిల్లాలో, సముద్రం వైపు ఉన్న ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. పరీక్షలు కాగానే పిల్లలతో ఫోన్ మీద ఓ పదిహేను నిమిషాల సినిమా తీయిస్తుంటాను. చాలామంది జోకులు రాసుకుని వస్తారు. ఆ కాగితాలు పక్కన పెట్టించి, వీళ్లు విడిపోయేది ఎలాగో ముందు రాయిస్తాను. ఒకడికి మార్కులు బాగా వచ్చి ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది. ఒకమ్మాయి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరుతుంది. ఇంకొకడు వాళ్ల నాన్నతో రొయ్యల గుంతల కాడే ఉండిపోతాడేమో. ఈ సంగతి తేలిందంటే, మార్చి వరకు వాళ్లు చేసే ప్రతి పిచ్చి పనికీ ఒక కారణం దొరుకుతుంది. కారణం ఉన్న పిచ్చి పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

కథ కోసం దూరం పోనక్కర్లేదు. మనకు రొట్టెల పండగ ఉంది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు కదా. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అది పుచ్చుకుని తింటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, ఇలా ఎన్నో. 2025లో పండగ జులైలో వచ్చింది, అంటే పదో తరగతి మొదలైన కొత్తలోనే. లెక్కల్లో 35 వస్తే చాలనుకునే కుర్రాడు ఒకడు చదువు రొట్టె కోసం నీళ్లలో దిగుతాడు. తోపులాటలో ఒకామె ఇచ్చిన రొట్టె పుచ్చుకుని గట్టెక్కి తినేస్తుంటాడు. అప్పుడు స్నేహితుడొకడు అడుగుతాడు, ఇద్దరూ ఇలా మాట్లాడుకోవచ్చు:

“ఏం రొట్టెరా అది?”

“చదువు రొట్టె.”

“ఆమె పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె అని అరుస్తా ఉంటే నీకు వినపళ్లేదా?”

నమలడం ఆగిపోతుంది. బుగ్గలో రొట్టె అట్లాగే ఉంటుంది. కెమెరా వాడి ముఖం మీదే ఉండాలి, ఎవరూ మాట్లాడకూడదు, మూడు నాలుగు సెకన్లు కట్ చేయొద్దు. ఊయాలా, మింగాలా అని వాడు ఆలోచిస్తున్నట్టు మనకు కనపడాలి. చివరికి మింగేసి అడుగుతాడు: “అయితే ఇప్పుడు నేను పాసవుతానా, అవనా?”

ఈ మాట అనేటప్పుడు ఆ పిల్లవాడు నవ్వకూడదు, నవ్వించాలని గొంతు మార్చకూడదు. వాడికి నిజంగానే భయం. రిహార్సల్‌లో చెప్పేది ఇదే: నువ్వు భయపడు, నవ్వే పని చూసేవాళ్లకు వదిలెయ్. స్నేహితులు ఆటపట్టిస్తారు, కానీ అందులో ఒకమ్మాయి తన చదువు రొట్టెలో సగం తుంచి వాడి చేతిలో పెడుతుంది. స్నేహం గురించి ఇంకెవరూ డైలాగు చెప్పక్కర్లేదు. పైగా కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇవ్వాలి. అంటే ముగింపు మీ చేతిలో ముందే ఉంది: పాసయ్యాక ఆ గట్టు మీదికి ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు?

పండగ రోజు అసలు చెరువు దగ్గర షూటింగ్ పెట్టుకోవద్దు. లక్షల మంది వస్తారు, మొక్కుతో వస్తారు, వాళ్లకు మనం అడ్డం కాకూడదు. మీ ఊరి చెరువు మెట్లు చాలు. నీళ్లలో నాలుగైదు జతల కాళ్లు, తడిసిన ప్యాంటు అంచులు, రొట్టె చుట్టిన పేపరు చూపించి, జనం గోల విడిగా రికార్డు చేసి కలిపేయండి. రొట్టె మీద, మొక్కు మీద జోకు వేయొద్దు. తికమక పడిన కుర్రాడి మీదే నవ్వు రావాలి. ఒంటి రంగు, లావు, నత్తి మీద కూడా నేను ఒక్క మాట రానివ్వను. క్లాసులో ఉన్న ముద్దుపేరు వాడాలన్నా, ఆ పేరు మోసే పిల్లని అడిగాకే.

కెమెరా పెట్టగానే పిల్లలు టీవీ తెలుగు మాట్లాడతారు. అది మాన్పించడానికి రొంత ఓపిక కావాలి. రికార్డింగ్ నొక్కి, కథ ఊసెత్తకుండా, నిన్న క్రికెట్లో ఎవరు ఔటయ్యారని అడగండి. “యాడ ఔటు, అది నోబాలు గదా” అని కొట్లాట మొదలవుతుంది. ఆ వేడి మీదే సీను మొదలుపెట్టించండి.

షూటింగ్‌కి పరీక్షలకూ ఫలితాలకూ మధ్య వారాలు మంచివి. 2025లో పరీక్షలు మార్చి 17న మొదలైతే ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. పరీక్షల టెన్షన్ పోయి, ఫలితాల టెన్షన్ ఇంకా పట్టుకోని రోజులవి. ఒంటిపూట బళ్లు కాబట్టి మధ్యాహ్నం తరగతి గదులు ఖాళీగా ఉంటాయి. హెడ్మాస్టరు అనుమతి, ప్రతి పిల్ల ఇంటి నుంచి తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. ఆరుబయట సీన్లు పొద్దున ఎనిమిదిన్నర లోపే, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక. నడిమధ్యాహ్నం మన ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, పిల్లలూ వాడిపోతారు.

తరగతి గదిలో ట్యూబ్‌లైటు కింద తీస్తే వీడియోలో చారలు పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకని ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఆ మోడ్ లేకపోతే లైటు ఆపేసి, పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. తెర మీద ముఖం ఉన్న చోట వేలు కాసేపు నొక్కి పెడితే ఫోకస్, వెలుతురు మారకుండా ఆగిపోతాయి. ముందు అందరూ కనపడేలా సీను మొత్తం ఒకసారి, ఆ తర్వాత ఒక్కొక్కరి ముఖం విడిగా తీయండి. మాట్లాడేవాళ్ల ముఖాల కంటే వినేవాళ్ల ముఖాలే ఎక్కువ తీసుకోండి, ఎడిటింగ్‌లో నవ్వు అక్కడే దొరుకుతుంది.

శబ్దం విషయంలో ఏ రాజీ వద్దు. ఫ్యాను ఆపాలి, చెమట పడితే టేకుల మధ్య తుడుచుకోవచ్చు. ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టి, కెమెరాకు కనపడకుండా మాట్లాడేవాళ్ల దగ్గరగా ఉంచండి. టేకు మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే రెండింటినీ తర్వాత కలపడం తేలిక. సీను అయ్యాక అందరూ నోరు మూసుకుని ఓ అర నిమిషం ఖాళీ గది శబ్దం కూడా పట్టుకోండి. సముద్రం గాలి మైకులో బుసలు కొడుతుంది, దానికి మైకు మీద మెత్తటి గుడ్డ చుట్టాలి. సినిమా పాటలు వాడొద్దు, యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ గొడవ. మీ క్లాసులో పాడేవాళ్లు ఉంటారు, వాళ్ల చేత కూనిరాగం తీయించండి.

ఎడిటింగ్ ఫోన్‌లోనే అయిపోతుంది. మొదటి కూర్పు ఇరవై ఐదు నిమిషాలు వస్తుంది, అందులో మీకు బాగా నచ్చిన జోకే కథకు అడ్డం పడుతుంటుంది. తీసేయండి.

టీసీలు, మార్కుల మెమోల కోసం పిల్లలందరూ వచ్చే రోజు చూసి, బళ్లో టీవీలా ఉండే పెద్ద డిజిటల్ ప్యానెల్ మీద సినిమా వేయండి. తల్లిదండ్రుల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. ప్రతివాళ్లనీ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకోమని ముందే చెప్పండి, వాట్సాప్‌లో పంపితే బొమ్మ నాణ్యత పోతుంది.