పాల బిల్లులో తేడా వస్తే ఒప్పందంలో ఎక్కడ వెతకాలి?

డెయిరీకి పాలు పోసే రైతుకు తేడా ముందుగా కనిపించేది బిల్లులోనే. దాని మూలం మాత్రం చాలాసార్లు ఒప్పందంలో రాయకుండా వదిలేసిన ఒక వాక్యంలో ఉంటుంది. ఏ యూనిట్లో కొలవాలి, ఏ సూత్రంతో లెక్కగట్టాలి, ఎన్ని శాంపిళ్ల సగటు తీయాలి అన్నవి రాయకపోతే, డెయిరీ తన అలవాటు ప్రకారం లెక్క వేసుకుంటుంది. అందులో మోసం ఉండాలని ఏమీ లేదు, కానీ నష్టం ఉంటుంది.

వెతకడం మొదలుపెట్టే ముందు మూడు దగ్గర పెట్టుకోండి: అనుబంధాలతో సహా ఒప్పందం, గత మూడు నెలల బిల్లులు, ప్రతి సేకరణకూ ఇచ్చిన రశీదులు. ఒప్పందంలో ఎక్కడైనా 'డెయిరీ నాణ్యతా నియమావళి ప్రకారం' అని ఉంటే ఆ నియమావళి కూడా కావాలి. దాని మీద తేదీ ఉందో లేదో చూడండి. తేదీ లేని నియమావళిని డెయిరీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అప్పుడు మీరు సంతకం చేసిన కాగితానికి పెద్దగా విలువ ఉండదు.

మీ కొలతకూ బిల్లులో పరిమాణానికీ పొంతన లేదు

ముందు తేడా స్థిరంగా ఉందా, రోజురోజుకూ మారుతోందా చూడండి. బిల్లులోని అంకెను మీ లీటర్లతో భాగించండి. ప్రతిసారీ 1.03 దగ్గర వస్తే తప్పేమీ లేదు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి, డెయిరీ లీటర్లను కిలోల్లోకి మార్చి రాసిందన్నమాట. భాగహారం సరిగ్గా 1 వచ్చి, ధర మాత్రం కిలో లెక్కన ఉంటే అది మీకు నష్టం. వెయ్యి లీటర్లంటే 1,030 కిలోలు. 1,000 కిలోలకే డబ్బు కడితే దాదాపు 3 శాతం పాలు ఊరికే పోసినట్టే. 'కొలత లీటర్లలో, చెల్లింపు కిలోల్లో, మార్పిడి గుణకం 1.03' అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే ఈ గొడవ రాదు.

తేడా మారుతూ ఉంటే కొలిచే చోటును అనుమానించాలి. ట్యాంకులో పాల ఎత్తు చూసే డిప్ స్టిక్‌కు ఇచ్చిన పట్టిక సమంగా నిలబెట్టిన ట్యాంకుకే సరిపోతుంది. ఒక కాలు కిందికి దిగబడినా పట్టిక తప్పు చెబుతుంది. కలిపే మోటారు తిరుగుతుండగానో, నురగ తగ్గకముందో చదివితే రీడింగు ఎక్కువ వస్తుంది. ట్యాంకరు మీద పారే పాలను కొలిచే ఫ్లో మీటరు ఉంటే, పాలతో పాటు గాలి లాగినప్పుడు అది గాలిని కూడా పాల కింద లెక్కిస్తుంది. ఇది మొదట రైతుకు లాభంగానే కనిపిస్తుంది గానీ, డెయిరీ తూకంలో లోటు తేలాక మార్గంలోని రైతులందరికీ కోత పంచుతారు. అందుకే గాలిని తీసే పరికరం ఉన్న మీటరే వాడాలనీ, దాని కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) ధ్రువపత్రం ఏటా చూపాలనీ, మార్గంలో తేలిన లోటును రైతుల మీద పంచకూడదనీ రాయించుకోవాలి.

వెన్న శాతం ఒక్క రోజులో ఎగిరి పడుతోంది

ఆవుల మందలో అన్నిటి పాలూ ఒకే ట్యాంకులో కలిసినప్పుడు, మేత మారకుండా వెన్న ఒక్క రోజులో 0.5 పాయింట్లు కదలడం అరుదు. అలా కదిలితే శాంపిల్ తీసిన తీరే కారణమయ్యే అవకాశం ఎక్కువ. నిలిచిన పాలలో మీగడ పైకి తేలుతుంది. పైనుంచి ముంచి తీస్తే వెన్న ఎక్కువ, అడుగు కుళాయి నుంచి పడితే తక్కువ. కనీసం 5 నిమిషాలు కలిపాక, పెద్ద ట్యాంకైతే 10 నిమిషాలు కలిపాక శాంపిల్ తీయాలి. క్యాన్లలో పోసేవారు ప్లంజరుతో పైనుంచి కిందికి కలపాలి.

చాలామంది గమనించని కారణం ఇంకొకటి ఉంది. రెండు పితుకుల మధ్య వ్యవధి తక్కువైతే ఆ పూట పాలలో వెన్న ఎక్కువ ఉంటుంది. ట్యాంకరు ఒక రోజు ఉదయం, మరో రోజు సాయంత్రం వస్తే ఒకసారి రెండు పూటల పాలు, ఇంకోసారి మూడు పూటల పాలు ఎత్తుకుపోతుంది. అప్పుడు వెన్న మారడం సహజమే. సేకరణ వేళను ఒప్పందంలో గంటల మేరకు కట్టేస్తే ఇది దారికొస్తుంది.

అంకె ఎగిరి పడకుండా నెలంతా 0.2 తక్కువే చూపిస్తుంటే మాత్రం ల్యాబు వైపు చూడాలి. వెన్న కొలిచే గెర్బర్ పద్ధతిలో 10.75 మిల్లీలీటర్ల పాలు, 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ వాడి, నిమిషానికి 1,100 చుట్ల చొప్పున 5 నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల నీటిలో ఉంచి చదువుతారు. చల్లారాక చదివితే గొట్టంలో వెన్న పొడవు తగ్గి కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ అనలైజరైతే దాన్ని చివరిసారి ఎప్పుడు, ఏ ప్రామాణిక పద్ధతితో సరిచూశారో అడగండి. శాంపిల్‌ను గడ్డకట్టనిచ్చినా, ఎండలో తిప్పినా ఫలితాన్ని నమ్మలేం.

ఒప్పందంలో పెట్టవలసిన రక్షణ మూడు సీసాల పద్ధతి. ఒకటి డెయిరీకి, ఒకటి రైతుకు, ఒకటి ఇద్దరి సీలుతో మూడో ల్యాబు కోసం. మొదటి రెండు ఫలితాల మధ్య ఎంత తేడా దాటితే మూడో సీసా తెరవాలో అంకె వేయాలి (0.1 అని రాసుకోవచ్చు). మూడో ల్యాబు ఖర్చు ఎవరి అంకె తప్పని తేలితే వారిది. ఈ చివరి మాట లేకపోతే ఖర్చుకు భయపడి ఎవరూ మూడో సీసా ముట్టుకోరు.

వెన్న సరిగానే ఉంది, ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గింది

ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలలో వెన్న కాకుండా మిగిలిన ఘనపదార్థాలు. దాన్ని సాంద్రత చూసే లాక్టోమీటరుతో లెక్కించే చోట ముందు సూత్రం ఏదో అడగండి. రిచ్‌మండ్ సూత్రం అనే పేరుతో వాడుకలో ఒకటికి మించి రూపాలున్నాయి. ఉష్ణోగ్రతకు తగ్గట్టు సవరించిన లాక్టోమీటరు రీడింగు 28, వెన్న 4 అనుకుందాం. రీడింగులో నాలుగో వంతుకు వెన్నను 0.2తో గుణించి కలిపి, 0.14 చేరిస్తే 7.94 వస్తుంది. వెన్నను 0.25తో గుణించి, 0.44 చేరిస్తే 8.44. పాలు అవే, రీడింగు అదే, తేడా అర పాయింటు. కనీస ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 అని ఒప్పందంలో ఉంటే ఒక సూత్రంలో కోత పడుతుంది, ఇంకోదానిలో పడదు. కాబట్టి సూత్రాన్ని దాని పేరుతో కాకుండా అంకెలతో సహా రాయాలి. లాక్టోమీటరు ఏ ఉష్ణోగ్రతకు తయారైందో కూడా రాయాలి, ఎందుకంటే సవరణ అక్కడి నుంచే మొదలవుతుంది.

అప్పుడే పితికిన పాలలో లాక్టోమీటరు ముంచినా రీడింగు కాస్త తక్కువే చూపిస్తుంది. పాలు చల్లబడి కొన్ని గంటలు గడిస్తే సాంద్రత స్వల్పంగా పెరుగుతుంది.

'నీళ్లు కలిశాయి' అని కోత

నీళ్లు కలిశాయని లాక్టోమీటరు ఒక్కటే చూసి తేల్చడం సరికాదు. ఘనీభవన స్థానం కొలవాలి. ఆవు పాలు సున్నాకు దిగువన 0.52 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. నూటికి ఒక వంతు నీళ్లు కలిస్తే అది సుమారు 0.005 డిగ్రీలు పైకి జరుగుతుంది. ఒప్పందంలో ప్రాతిపదిక −0.520 అని ఉండి, మీ పాలు −0.510 చూపిస్తే కలిసిన నీళ్లు 1.9 శాతం అని లెక్క తేలుతుంది.

రైతు చేత్తో పోయకపోయినా నీళ్లు చేరవచ్చు. కడిగాక పైపులైను వంపులో, పంపులో, ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లే చాలు. 500 లీటర్లకు 5 లీటర్లు మిగిలితే ఒక శాతం పూర్తయినట్టే. పైపుకు వాలు సరిచేసి, పితకడానికి ముందు డ్రెయిన్ కుళాయి తెరిచి ఖాళీ చేసి, మూడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష అడగండి. ఒప్పందంలో మొదటిసారికి హెచ్చరిక, సరిచేసుకోవడానికి గడువు, ఆ తర్వాతే కోత అన్న వరుస ఉండాలి. కల్తీ, కడిగిన నీటి శేషం రెంటికీ ఒకే శిక్ష వేసే ఒప్పందం మీద సంతకం చేయకండి.

బ్యాక్టీరియా లేదా సోమాటిక్ కణాల లెక్కలో బోనస్ పోయింది

సోమాటిక్ కణాలంటే పొదుగు నుంచి పాలలోకి వచ్చే ఆవు శరీర కణాలు. ఇక్కడ గొడవంతా సగటు దగ్గరే. నాలుగు శాంపిళ్లలో మిల్లీలీటరుకు 20,000, 30,000, 4,00,000, 25,000 బ్యాక్టీరియా వచ్చాయనుకోండి. మామూలు సగటు 1,18,750. గుణోత్తర సగటు (నాలుగు అంకెల్నీ గుణించి నాలుగో మూలం తీస్తే వచ్చేది) సుమారు 49,500. పరిమితి లక్ష అయితే ఒక సగటులో మీరు దోషి, ఇంకో సగటులో మేలైన రైతు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో బ్యాక్టీరియాకు మిల్లీలీటరుకు లక్ష, సోమాటిక్ కణాలకు 4 లక్షలు పరిమితి. మొదటిదానికి రెండు నెలల గుణోత్తర సగటు, నెలకు కనీసం రెండు శాంపిళ్లు. రెండోదానికి మూడు నెలల గుణోత్తర సగటు, నెలకు కనీసం ఒకటి. అలా రాయడంలో అర్థముంది: ఒక్క చెడ్డ రోజు మూడు నెలల శ్రమను మింగకూడదు. మీ ఒప్పందంలోనూ పరిమితితో పాటు సగటు రకం, కాలం, శాంపిళ్ల సంఖ్య రాయండి.

నిజంగానే లెక్క పెరిగితే రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సోమాటిక్ కణాలు పెరిగి బ్యాక్టీరియా మామూలుగా ఉంటే ముందుగా పొదుగువాపును వెతకాలి. బ్యాక్టీరియా మాత్రమే పెరిగితే కడుగుడులోనో, చల్లబరచడంలోనో లోపం. కడిగే నీళ్లు తిరిగి వచ్చేసరికి ఎంత వేడి మిగిలిందో, పాలు 4 డిగ్రీలకు ఎంతసేపట్లో దిగుతున్నాయో రాసి పెట్టుకోండి.

ట్యాంకరు వచ్చింది, పాలు తీసుకోలేదు

పాలలో ఆల్కహాల్ కలిపి చూసే పరీక్షలో అవి విరిగితే పులిశాయని వెంటనే అనేస్తారు. పులవకుండా కూడా విరగవచ్చు: ముర్రుపాలు కలిసినా, పొదుగువాపు ఉన్నా, పాలిచ్చే కాలం చివర్లో ఉన్న ఆవులు ఎక్కువైనా, ఖనిజాల సమతుల్యత చెడినా. ఆల్కహాల్ గాఢత పెంచినకొద్దీ మంచి పాలు కూడా విరుగుతాయి. అందుకని గాఢత శాతాన్ని ఒప్పందంలో రాయాలి. విరిగితే మరిగించి చూసే పరీక్ష, ఆమ్లత పరీక్ష కూడా చేశాకే తిరస్కరించాలని రాయాలి. తాజా ఆవు పాల ఆమ్లత లాక్టిక్ ఆమ్లం లెక్కన సాధారణంగా 0.13 నుంచి 0.16 శాతం మధ్య ఉంటుంది. ఆమ్లత మామూలుగా ఉండి ఆల్కహాల్‌కు మాత్రమే విరిగిన పాలను పులిసిన పాలతో కలిపి కొట్టేయకూడదు.

యాంటీబయోటిక్ సంగతి వేరు, ఇక్కడ నష్టం చాలా పెద్దది. ఒక్క పశువు పాలు ట్యాంకరు మొత్తాన్ని పనికిరాకుండా చేయగలవు, ఆ లోడు విలువంతా ఆ రైతు నెత్తిన పడుతుంది. ఇక్కడ ఒప్పందంలో నాలుగు మాటలు కావాలి. ట్యాంకరులోకి పంపే ముందే ప్రతి రైతు శాంపిల్ విడిగా తీసి, ఆ లోడు ఫలితం వచ్చేదాకా దాచాలి. ఆ శాంపిళ్లను పరీక్షించాకే బాధ్యుణ్ని తేల్చాలి. బాధ్యతకు గరిష్ఠ మొత్తం ఉండాలి, లేదా బీమా ఎవరు కట్టాలో తేలాలి. రైతు తన తప్పును తనంతట తానే ముందుగా ఫోన్ చేసి చెబితే అతని పాలకు డబ్బు రాకపోయినా అదనపు జరిమానా వేయకూడదు. ఈ చివరి షరతు డెయిరీకే ఎక్కువ లాభం. అది లేకపోతే పొరపాటు జరిగిన రాత్రి రైతు నోరు మెదపడు.

ట్యాంకరు అసలు రాకపోతే? పాల యాజమాన్యం ఎప్పుడు మారుతుందో వెతకండి. 'పాలు ట్యాంకరు గొట్టంలోకి వెళ్లినప్పటి నుంచి డెయిరీవి' అన్నది మామూలు పద్ధతి. అలాంటప్పుడు ట్యాంకులో నిలిచిన పాల నష్టం రైతు మీదే పడుతుంది. ఫలానా గంటలు దాటి ఆలస్యమైతే నష్టం డెయిరీదే అని విడిగా రాయించాలి. ట్యాంకు సామర్థ్యం కూడా చూసుకోండి. రోజు విడిచి రోజు సేకరణ అంటే రెండు పూటలు పితికేవారికి నాలుగు పూటల పాలు. కనీసం ఐదు పూటలకు చోటుండాలి.

నెల మధ్యలో ధర మారింది, లేదా 'అదనపు పాలు' అంటూ తక్కువ ధర

'ధరను డెయిరీ ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుంది' అన్న వాక్యం ఉంటే మీకు ధర ఒప్పందమే లేదు. మార్కెట్ సూచికకు కట్టిన ధరైనా, సూత్రమైనా, డెయిరీ ప్రకటించే ధరైనా, ముందస్తు నోటీసు రోజుల సంఖ్య ఉండాలి. జరిగిపోయిన సరఫరాకు కొత్త ధర వర్తించదని రాయాలి. నోటీసు అందాక నచ్చకపోతే తక్కువ గడువులో బయటికి వెళ్లే హక్కు రైతుకు ఉండాలి. బ్రిటన్‌లో 2024 నాటి పాల ఒప్పందాల నిబంధనలు కొనుగోలుదారు ఏకపక్షంగా షరతులు మార్చడాన్ని నిషేధించాయి. ఎన్నో ఏళ్ల గొడవల తర్వాత వచ్చిన నిబంధన అది.

ఒక పరిమాణం వరకు మొదటి ధర, అది దాటిన పాలకు తక్కువ రెండో ధర ఇచ్చే పద్ధతిలో చూడవలసింది రెండో ధర కంటే ముందు మొదటి పరిమాణం. మొదటి ధర 100, రెండోది 60 అనుకుంటే, పాలలో 30 శాతం రెండో ధరకు పోయినప్పుడు చేతికొచ్చే సగటు 88. ఆ మొదటి పరిమాణాన్ని పాలు తక్కువుండే నెలల లెక్కతో కట్టి, ఏడాదంతా అదే వాడితే, ఈతల కాలంలో మీకు దెబ్బ తగలడం ఖాయం. నెలవారీగా, గత సంవత్సరం అదే నెలతో పోల్చి కట్టమనండి. ఇంకో మాట: పాలన్నీ ఈ డెయిరీకే పోయాలనే షరతు, అదనపు పాలకు తక్కువ ధర ఇస్తామనే షరతు ఒకే కాగితంలో ఉండకూడదు. ఉంటే అదనపు పాలు బయట అమ్ముకునే హక్కైనా ఇవ్వాలి.

డబ్బు ఆలస్యం

చెల్లింపు తేదీ, ఆలస్యానికి వడ్డీ శాతం, రెండు బిల్లులు బకాయి పడితే సరఫరా ఆపే హక్కు, ఈ మూడూ ఉంటే చాలు. కోత వేసేముందు కారణం, పరీక్ష ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలన్న మాట కూడా చేర్చండి.

వదిలి వెళ్దామంటే వీలు కావడం లేదు

ముందు ముగింపు తేదీ చూడండి, ఆ తర్వాత ఒప్పందం దానంతట అదే కొనసాగే నిబంధన కోసం వెతకండి. 'గడువుకు మూడు నెలల ముందు తెలపకపోతే మరో ఏడాది' అని ఉంటే ఆ కిటికీ దాటిపోయి ఉంటుంది. ఇద్దరి నోటీసు కాలం ఒకటేనా చూడండి. రైతుకు ఏడాది, డెయిరీకి నెల అని రాసిన ఒప్పందాలున్నాయి.

అసలు ముడి తరచుగా పరికరాల్లో ఉంటుంది. కూలరు డెయిరీ ఇచ్చినదైతే, దాని మిగిలిన విలువను ఏ లెక్కన తరుగుదల తీసి కడతారో, ఎన్ని రోజుల్లో తీసుకెళ్తారో, తీసేదాకా మరో డెయిరీ పాలు అందులో నిలవ పెట్టవచ్చో లేదో రాసి ఉండాలి. రాయకపోతే నోటీసు ఇచ్చేముందే ఆ మూడింటికీ డెయిరీ నుంచి రాతపూర్వక జవాబు తెప్పించుకుని, కొత్త కూలరు బిగించే తేదీ ఖాయమయ్యాకే నోటీసు పంపండి. చివరి నెల బిల్లు, బోనస్ బకాయి, డిపాజిట్ ఎప్పుడు ఇస్తారో ఆ నోటీసులోనే అడగండి.