పాత గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవర్ ఎలా వేయాలి?

పాత కంప్యూటర్‌లో విండోస్ కొత్తగా వేయగానే అక్షరాలు పెద్దపెద్దగా, ఫొటోలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తే చాలామంది ముందు మానిటర్ మీద అనుమానపడతారు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపించే కార్డు) పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు ఆ రెండూ బాగానే ఉంటాయి, డ్రైవర్ (ఆ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఒక్కటే పడి ఉండదు. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లో ఫొటో స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో, ఇళ్లలో పిల్లల చదువుకు పెట్టిన డబ్బాల్లో ఇప్పటికీ జీఫోర్స్ 210, జీటీ 610, జీటీ 730, రేడియాన్ 5450 లాంటి కార్డులే నడుస్తున్నాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చినవి కూడా చాలావరకు ఇవే. "అన్నా, ఇది పారేసి కొత్తది తీస్కోవాల్నా?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ముందు సరైన డ్రైవర్ వేసి చూడండి, ఆ తర్వాతే డబ్బు సంగతి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. పాత కార్డుకు లేటెస్ట్ డ్రైవర్ కోసం వెతకొద్దు. ఆ కార్డులో ఉన్న చిప్‌కు కంపెనీ చివరిసారిగా ఏ వెర్షన్ ఇచ్చిందో అదే కావాలి. దాని తర్వాత వచ్చిన డ్రైవర్లలో మీ కార్డు పేరే ఉండదు కాబట్టి ఎన్నిసార్లు వేసినా ఎక్కవు.

ముందు వైర్లు చూడండి

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా కార్డు పోర్టుకే పెట్టారా? ఇది చూసుకోకుండా గంటలు గంటలు డ్రైవర్లతో కుస్తీ పట్టేవాళ్లున్నారు. కార్డుకు విడిగా పవర్ వైరు పెట్టే చోటు ఉంటే అది కూడా బిగించి ఉండాలి (జీటీ 710, 730 లాంటి చిన్నవాటికి అవసరం ఉండదు). కార్డు అసలు కనపడకపోతే స్విచ్ బంద్ చేసి, ప్లగ్ పీకి, కార్డు తీసి, దాని బంగారు రంగు పళ్లను మామూలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. మన దగ్గర దుమ్ము ఎక్కువ, ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

కార్డు ఏదో కచ్చితంగా తెలుసుకోండి

కార్డు డబ్బా మీద రాసింది నమ్మొద్దు, అమ్మినాయన చెప్పింది అసలే నమ్మొద్దు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి (విండోస్ 7లో అయితే కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్ నుంచి) డివైస్ మేనేజర్ తెరవండి, అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ అనే దాన్ని విప్పితే డ్రైవర్ లేని కార్డు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తుంది, విండోస్ 7లో అయితే స్టాండర్డ్ వీజీఏ అని ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి, అక్కడి నుంచి డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. ప్రాపర్టీ అన్న చోట ఉన్న జాబితా నొక్కి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. కింద ఒక పొడుగాటి వరస వస్తుంది. అందులో 'వెన్' (VEN) అన్న మూడక్షరాల పక్కన 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్. ఆ తర్వాత 'డెవ్' (DEV) పక్కనున్న నాలుగు అంకెలు, అక్షరాలే మీ చిప్ నంబరు. అదొక కాగితం మీద రాసుకోండి.

ఈ నంబరు ఎందుకంటే, ఒకే పేరుతో వేరువేరు చిప్‌లు అమ్మారు. జీటీ 730నే తీసుకోండి. డెవ్ పక్కన 1287 ఉంటే అది కెప్లర్ తరం చిప్, 384 కోర్లు. 0ఎఫ్02 ఉంటే అది అంతకు ముందరి ఫెర్మి తరం చిప్, 96 కోర్లే. బయటికి రెండూ జీటీ 730లే, అదే పేరు, అదే ఫ్యాను, కానీ కెప్లర్‌కు తర్వాత వచ్చిన డ్రైవర్లు ఫెర్మికి ఎక్కవు. "ఫ్రెండ్ జీటీ 730కి ఎక్కిన ఫైలే తెచ్చిన, నాకు ఎక్కుత లేదు" అనేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. జీఫోర్స్ 210కి 0ఏ65, జీటీ 610కి 104ఏ, జీటీ 710కి 128బీ అని సాధారణంగా కనిపిస్తాయి. జీపీయూ జెడ్ అనే చిన్న ఉచిత టూల్ చిప్ పేరు నేరుగా చూపిస్తుంది, అది కూడా వాడుకోవచ్చు.

ఏ చిప్‌కు ఏ వెర్షన్

ఎన్విడియాలో 8, 9, 100, 200, 300 సిరీస్ కార్డులకు, అంటే 8400 జీఎస్, 9500 జీటీ, జీఫోర్స్ 210 లాంటి వాటికి, చివరిది 342.01. అది 2016 డిసెంబరులో వచ్చింది. ఫెర్మి తరానికి, అంటే 400, 500 సిరీస్‌లకు, జీటీ 610కి, ఫెర్మి జీటీ 730కి చివరిది 2018 మార్చిలో వచ్చిన 391.35. కెప్లర్ కార్డులకు (జీటీ 710, కెప్లర్ జీటీ 730, జీటీఎక్స్ 650, 660 లాంటివి) 2024లో వచ్చిన 475.14 దాకా ఇచ్చి ఆపేశారు. జీటీఎక్స్ 750 టీఐ, 960, 1050 టీఐ ఉన్నవాళ్లకు ఇంకా టెన్షన్ లేదు. వాటికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగినా భద్రతా అప్‌డేట్లు 2028 అక్టోబరు వరకు ఇస్తామని కంపెనీ చెప్పింది.

ఏఎండీలో హెచ్‌డీ 5000, 6000 సిరీస్‌లకు కెటలిస్ట్ 15.7.1 నిలకడైనది (కెటలిస్ట్, క్రిమ్‌సన్, అడ్రినలిన్ అనేవి ఏఎండీ డ్రైవర్ల పేర్లే). దాని తర్వాత క్రిమ్‌సన్ 16.2.1 బీటా (పరీక్ష దశ) ఒకటి వచ్చింది గానీ, ఆఫీసు పనికి నేనైతే మొదటిదే వేస్తాను. ఆర్5 230 పేరు కొత్తగా ఉన్నా లోపల హెచ్‌డీ 6450 చిప్పే, దానికీ అదే డ్రైవర్. ఆర్7 240 లాంటి, జీసీఎన్ అనే తర్వాతి తరం కార్డులకు అడ్రినలిన్ 22.6.1 చూడండి. ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్లలోని హెచ్‌డీ 2000, 3000కి విండోస్ 10 మీద కంపెనీ సపోర్టు ఇవ్వలేదు, విండోస్ అప్‌డేట్ దానంతట అది తెచ్చేదే వాడుకోవాలి.

డీటీపీ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం 32 బిట్ విండోస్ 7 మార్చకుండా ఉంచుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీ మ్యాటర్లు అన్నీ ఆ పాత ఫైళ్లలోనే ఉంటాయి, మార్చమంటే మార్చేది కాదు. ఎన్విడియా 390 వరస తర్వాత 32 బిట్ డ్రైవర్లు చేయడమే మానేసింది, 391.35 ఆ వరసలోదే. కాబట్టి 32 బిట్ మీద ఉన్నవాళ్లు కార్డు మార్చాల్సి వస్తే కొత్త మోడల్ కొనొద్దు, ఆ డ్రైవర్ జాబితాలో ఉన్న కార్డే వెతికి తెచ్చుకోండి. మీది ఎన్ని బిట్లో దిస్ పీసీ (విండోస్ 7లో కంప్యూటర్) మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూస్తే తెలుస్తుంది.

దించుకోవడం

కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. ఎన్విడియా డాట్ కామ్‌లో డ్రైవర్స్ పేజీకి వెళ్లి సిరీస్, మోడల్, విండోస్ రకం చేత్తో ఎంచుకుంటే ఆ చివరి వెర్షన్ అదే చూపిస్తుంది. సెర్చ్ చేయగానే పైన వచ్చే 'డ్రైవర్ అప్‌డేటర్', 'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లు' అనే ప్రకటనల జోలికి పోవద్దు. వాటిలో కొన్ని ముందు ఉచితమని పిలిచి తర్వాత డబ్బు అడుగుతాయి, కొన్ని అడగని సాఫ్ట్‌వేర్లన్నీ తెచ్చి పడేస్తాయి, బ్యాంకు పనులు, మీసేవ పనులు చేసే కంప్యూటర్‌లో అలాంటివి అస్సలు ఉండకూడదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫైలయితే దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. అక్కడ ఎన్విడియా కార్పొరేషన్ అనో, ఏఎండీ పూర్తి పేరు అడ్వాన్స్‌డ్ మైక్రో డివైసెస్ అనో ఉండాలి. ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలు తీసి పారేయండి.

ల్యాప్‌టాప్ అయితే ముందు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ చూడండి, అక్కడ ఉన్నదే ఎక్కువగా కుదురుతుంది.

పాతది తీసేయడం

కార్డు మార్చి ఉంటే, ముఖ్యంగా ఏఎండీ తీసి ఎన్విడియా పెట్టి ఉంటే, పాత డ్రైవర్ తుడిచేయకుండా కొత్తది వేయొద్దు. దీనికి డీడీయూ అనే ఉచిత టూల్ ఉంది, పూర్తి పేరు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్. ముందు ఒక రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకుని, ఇంటర్నెట్ వైరు పీకేసి లేదా వైఫై ఆపి, సేఫ్ మోడ్‌లోకి (అవసరమైనవే నడిచే విండోస్‌లోకి) వెళ్లండి. విండోస్ 10లో షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొడితే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. డీడీయూలో మీ పాత కార్డు కంపెనీని ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్ కొట్టండి. నెట్ ఎందుకు ఆపమన్నానంటే, రీస్టార్ట్ అవగానే మీకంటే ముందు విండోస్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది.

వేయడం

గాలివానకు కరెంటు పోయే రోజుల్లో యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, డ్రైవర్ సగంలో ఉండగా కరెంటు పోతే మళ్లీ సేఫ్ మోడ్ నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఫైల్ తెరిచాక ఎక్స్‌ప్రెస్ వద్దు, కస్టమ్ ఎంచుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎలాగూ ఉంటుంది, టీవీకి హెచ్‌డీఎంఐతో పెట్టి సౌండ్ కూడా కావాలంటే ఆడియో డ్రైవర్ ఉంచండి, 3డీ విజన్, జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ టిక్కులు తీసేయండి. పాత డబ్బాలో 4 జీబీ ర్యామ్‌తో నడిపేవాళ్లకు అవి బరువు తప్ప లాభం లేదు. కింద క్లీన్ ఇన్‌స్టలేషన్ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. మధ్యలో స్క్రీన్ ఒకటి రెండుసార్లు నల్లబడుతుంది, మినుకుమంటుంది. అప్పుడు భయపడి పవర్ బటన్ నొక్కొద్దు.

అయ్యాక రీస్టార్ట్ చేసి డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ అసలు రిజల్యూషన్ పెట్టండి. రికమెండెడ్ అని దాని పక్కనే రాసి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో ఇప్పుడు కార్డు పేరు పూర్తిగా రావాలి, పసుపు గుర్తు ఉండకూడదు.

ఎక్కకపోతే

కంపాటిబుల్ గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ దొరకలేదని ఇన్‌స్టాలర్ చెప్తే వెర్షన్ తప్పు, లేదా 32, 64 బిట్ తేడా, లేదా విండోస్ రకం తేడా. రాసుకున్న చిప్ నంబరు మళ్లీ చూడండి. విండోస్ 7లో డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిస్తే కోడ్ 52 అనే లోపం నంబరు వస్తే డ్రైవర్ సంతకాన్ని విండోస్ గుర్తుపట్టడం లేదని అర్థం, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ4474419 అప్‌డేట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. కోడ్ 43 వస్తే డీడీయూతో తుడిచి మళ్లీ వేయండి. అప్పటికీ అదే వస్తుంటే కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా 43 అంటే కార్డులోనే లోపం ఉండొచ్చు.

ఇన్‌స్టాలర్ ఊరికే ఆగిపోతుంటే చేత్తో ఎక్కించే దారి ఉంది. ఎన్విడియా ఇన్‌స్టాలర్ తన ఫైళ్లను సీ డ్రైవ్‌లో ఎన్విడియా ఫోల్డర్‌లో విప్పి ఉంచుతుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్ అని ఆ ఫోల్డర్ చూపించండి, సబ్‌ఫోల్డర్ల టిక్ ఉంచి నెక్స్ట్ కొట్టండి.

మళ్లీ పోకుండా

డ్రైవర్ కుదిరాక దాన్ని విండోస్ అప్‌డేట్ మార్చకుండా ఆపాలి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో నో పెట్టండి. అయినా ఎప్పుడైనా మారిపోతే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే ముందటిది వస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది కదా అని లైనక్స్ వైపు వెళ్లేవాళ్లకు పని ఇంకా సులువు. లైనక్స్ మింట్ లాంటి వాటిలో పాత ఎన్విడియా కార్డులకు నూవో అనే ఉచిత డ్రైవర్ లోపలే వస్తుంది, పాత రేడియాన్లకు కూడా అంతే. బ్రౌజింగ్‌కు, ఆఫీసు పనికి, వీడియోలకు విడిగా ఏమీ వేయనక్కర్లేదు.

పని పూర్తయ్యాక ఆ ఇన్‌స్టాలర్ ఫైల్‌ను డీ డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచండి. ఫోల్డర్ పేరులో కార్డు పేరు, చిప్ నంబరు, విండోస్ ఎన్ని బిట్లో కూడా రాసి పెట్టండి.