మేజర్ స్కేలును కీబోర్డుపై పట్టుకోవడం ఎలా?

సత్యనారాయణపురం వైపు ఇళ్లలో సంగీతం మొదలుపెట్టిన పిల్లలు తొలి పాఠాలైన సరళీ స్వరాలను మాయామాళవగౌళ రాగంలోనే నేర్చుకుంటారు కాబట్టి, విజయవాడలో కీబోర్డు ముందు తొలిసారి కూర్చున్న విద్యార్థి వేళ్లు ముందుగా ఆ రాగపు మెట్లనే (కీలనే) వెతుక్కుంటాయి. మేజర్ స్కేలుకు దానితో ఉన్న తేడా రెండు స్వరాలే: రిషభ ధైవతాలు (రి, ధ) ఒక్కొక్క స్థానం పైకి జరిగితే 29వ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) అయిన ధీరశంకరాభరణం వస్తుంది, పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలు కూడా అవే. గమకాల (స్వరాలను ఊపి పలికించే తీరుల) మాట వేరు.

జంటగా ఉన్న రెండు నల్ల మెట్లకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు సి, అంటే మన ఒకటో శ్రుతి (షడ్జమం, అంటే స, నిలిపే చోటు). అక్కడి నుంచి నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తూ వరుసగా 2, 2, 1, 2, 2, 2, 1 స్థానాలు జరగాలి. మొత్తం 12 స్థానాలు పూర్తయ్యేసరికి పై షడ్జమం చేరతాము. దారిలో నల్ల మెట్టు ఒక్కటీ తగలదు.

ఈ సౌకర్యమే చాలామందిని తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఐదో శ్రుతి అయిన జి నుంచి తెల్ల మెట్లే వాయించి చూడండి: నిషాదం (ని) ఒక స్థానం తగ్గి, వినబడేది హరికాంభోజి రాగం అవుతుంది. అక్కడ ఎఫ్‌కు బదులు దాని కుడి పక్క నల్ల మెట్టు, అంటే ఎఫ్ షార్ప్, నొక్కితేనే కాకలి నిషాదం, అంటే మేజర్ స్కేలుకు కావలసిన ఎత్తైన ని, పలుకుతుంది. అందువల్ల మెట్ల రంగును కాక, పై అంకెల వరుసనే కంఠస్థం చేసి, రోజుకొక శ్రుతి చొప్పున పన్నెండింటిలోనూ నోటితో పాడుతూ వాయించాలి.