ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం)లో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నారా? రీసెర్చ్ గ్రాంట్‌కి దరఖాస్తు ఇలా రాయండి

మిరప పువ్వు కింద తెల్ల కాగితం పెట్టి ఒక్కసారి తట్టండి. ఆవగింజంత కూడా లేని నల్లటి పురుగులు కాగితం మీద పరిగెడతాయి. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప రైతులను నిలువునా ముంచిన నల్ల తామర పురుగు ఇదే. ఒక చేలో లెక్కపెట్టాలంటే కాగితం, లెన్స్, ఓపిక ఉంటే చాలు. ఇరవై చేలల్లో, వారం వారం, మూడు నెలలు లెక్కపెట్టాలంటే మాత్రం డబ్బు కావాలి. విద్యార్థులకు ఆ డబ్బు ఇచ్చే సంస్థలు ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది అడగకుండానే ఆగిపోతున్నారు, నా బాధ అదే.

1. ఏ డబ్బు కావాలో ముందు తేల్చుకోండి

నెలనెలా మీ ఖర్చులకు వచ్చేది ఫెలోషిప్. పొలం పనికి, ల్యాబ్ పనికి ఇచ్చేది రీసెర్చ్ గ్రాంట్. సదస్సుకు వెళ్లి పేపర్ చదవడానికి ఇచ్చేది ట్రావెల్ గ్రాంట్. చేసిన పనికి గుర్తింపుగా ఇచ్చేది అవార్డు. నాలుగింటికీ ఒకే దరఖాస్తును అటూఇటూ మార్చి పంపితే ఏదీ రాదు.

ఫెలోషిప్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వ్యవసాయ వర్సిటీల వాళ్లకు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పరీక్ష, జువాలజీ నుంచి వచ్చేవాళ్లకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పెట్టే నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ పేపర్, పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వస్తే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) వారి ఇన్‌స్పైర్ ఫెలోషిప్. సీఎస్ఐఆర్ జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) అయితే 42,000.

చాలామంది కన్ను పడనివి చిన్న గ్రాంట్లు. మిడతలు, కీచురాళ్ల మీద పనిచేసేవాళ్లకు ఆర్థాప్టరిస్ట్స్ సొసైటీ వారి థియోడర్ కోన్ ఫండ్ ఉంది. ఏ దేశపు విద్యార్థి అయినా అడగొచ్చు. సీతాకోకచిలుకలు, తూనీగలు, అడవి తేనెటీగల సంరక్షణ మీ పని అయితే బ్రిటన్‌లోని రఫర్డ్ ఫౌండేషన్ చూడండి. వాళ్లకు సంరక్షణే ముఖ్యం కాబట్టి పంట పురుగుల మందుల ట్రయల్స్ అక్కడికి పంపకండి. ఇక్కడ పీహెచ్‌డీలో రిజిస్టరై ఉండి, కొన్ని నెలలు అమెరికా ల్యాబ్‌లో పనిచేయాలనుకుంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది.

అవార్డుల్లో ఒకటి చెప్పుకోవాలి. 1889లో మొదలైన ఎంటమాలజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా పురుగుల శాస్త్రవేత్త జాన్ హెన్రీ కామ్‌స్టాక్ పేరు మీద ఒక్కో బ్రాంచి నుంచి ఒక విద్యార్థికి అవార్డు ఇస్తుంది. భారత్‌లో ఉండే సభ్యులు ఇంటర్నేషనల్ బ్రాంచి కిందికి వస్తారు. అమెరికాలోనే చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఆ సొసైటీ వార్షిక సమావేశంలో జరిగే ప్రెసిడెంట్స్ ప్రైజ్ పోటీని వదులుకోవద్దు. పది నిమిషాల్లో మీ పని చెప్పడం నేర్చుకుంటే రేపు ఇంటర్వ్యూలకూ పనికొస్తుంది.

2. పురుగు క్యాలెండర్, గ్రాంట్ క్యాలెండర్ పక్కపక్కన పెట్టండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మిరప నాట్లు ఆగస్టు, సెప్టెంబర్‌లో పడతాయి. పూత మొదలయ్యాక తామర పురుగు పూలలో చేరుతుంది. అంటే అక్టోబర్‌కల్లా మీ చేతిలో పురుగులు అంటుకునే జిగురు అట్టలు, లెన్స్, సీసాలు ఉండాలి. దరఖాస్తు పెట్టాక ఫలితానికి నెలలు పడుతుంది, ఆ తర్వాత డబ్బు వర్సిటీ ఖాతాలోకి రావడానికి ఇంకొన్ని వారాలు. వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే, ఈ ఏడాది పంట మీద పని చేయాలంటే వేసవి రాకముందే దరఖాస్తు వెళ్లిపోవాలి. నా మొదటి గ్రాంట్ పంట తీసేశాక వచ్చింది. ఏడాది మొత్తం పోయింది.

3. ప్రశ్నను చిన్నది చేయండి

"మిరపలో తామర పురుగుల ఉధృతి, యాజమాన్యం" అని సినాప్సిస్‌కి (థీసిస్ పని ప్రణాళికకు) పేరు పెడితే వర్సిటీ కమిటీ ఒప్పుకుంటుంది. గ్రాంట్ ఇచ్చేవాళ్లు ఒప్పుకోరు. అది ఒక శాఖ మొత్తం పదేళ్లు చేసే పని. దాన్నే ఇలా అడిగి చూడండి: "మిరప చేను చుట్టూ రెండు వరసల మొక్కజొన్న వేస్తే, పూత దశలో ఒక్కో పువ్వులో ఉండే నల్ల తామర పురుగుల సంఖ్య తగ్గుతుందా?" ఏం పోలుస్తున్నారో, ఏం లెక్కపెడతారో, ఎప్పుడు లెక్కపెడతారో ఆ వాక్యంలోనే ఉంది. ఎన్ని చేలు, చేనుకు ఎన్ని మొక్కలు, మొక్కకు ఎన్ని పూలు అన్నది ఆ కిందే రాయండి. తగ్గకపోతే ఆ ఫలితం ఎవరికి ఎలా పనికొస్తుందో కూడా ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాసేవాళ్లు చాలా తక్కువ, చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కలిగించేది మాత్రం అదే.

రాశాక ఎంటమాలజీ తెలియని స్నేహితుడికి చదివి వినిపించండి. ఎక్కడ "అంటే?" అని అడిగాడో అక్కడ మళ్లీ రాయండి.

4. బడ్జెట్ పైసలతో సహా వేయండి

"రసాయనాలు, ఇతరాలు: 40,000" అని రాస్తే మీరు ఇంకా చేలోకి దిగలేదని తెలిసిపోతుంది. జిగురు అట్టలు ఎన్ని, ఒక్కోటి ఎంత, ఎన్ని వారాలకోసారి మారుస్తారు? నమూనాలు దాచే ఆల్కహాల్ ఎన్ని లీటర్లు? జాతిని నిర్ధారించడానికి సీఓ1 జన్యువు సీక్వెన్సింగ్ చేయిస్తే ఎన్ని నమూనాలకు? ఊరికి వెళ్లిరావడానికి బస్సా, బైకా? కూలి ఎన్ని రోజులు? ల్యాబ్‌కి కొటేషన్ అడిగి తెచ్చుకోండి, షాపుకి ఫోన్ చేసి రేటు కనుక్కోండి. ల్యాప్‌టాప్ కొంటామని మాత్రం రాయకండి, చాలా చిన్న గ్రాంట్లు దాన్ని ఒప్పుకోవు.

5. అనుమతులు

అడవిలో పురుగులు పట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. కొన్ని సీతాకోకచిలుకలు వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి, చూసుకోండి. నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. ముందుగా గైడ్‌తో మాట్లాడి, ఏ అనుమతి ఎప్పుడు తీసుకుంటారో దరఖాస్తులోనే రాయండి.

6. సిఫారసు లేఖ

గైడ్ దగ్గరికి చివరి రోజు పరిగెత్తకండి. నెల ముందే వెళ్లి, "సార్, ఈ గ్రాంట్‌కి పెడుతున్నాను, మీ లేఖ కావాలి" అని అడిగి, మీ ప్రశ్న, చేసిన పని, గడువు తేదీ ఒక్క పేజీలో రాసి చేతికివ్వండి. పేజీ చేతిలో ఉంటే "కష్టపడే విద్యార్థి" అనే మామూలు మాటకు బదులు మీరు చేసిన పనే లేఖలోకి వస్తుంది.

7. డబ్బు కట్టమనే అవార్డులకు దూరంగా ఉండండి

రిజిస్ట్రేషన్ ఫీజు కడితే "యువ శాస్త్రవేత్త అవార్డు" ఇస్తామని మెయిల్స్ వస్తుంటాయి. నేను పీహెచ్‌డీలో ఉన్నప్పుడు ఒకటి నమ్మి, ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్న డబ్బు కట్టాను. అక్కడ స్టేజీ మీద నాతోపాటు వరసలో నిలబడ్డ దాదాపు అందరికీ అదే ఫలకం. తర్వాత ఒక ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడు ఆ పేరు చదివి, నా మొహం వంక చూసి, పేజీ తిప్పేశారు. ఎంపిక చేసేదెవరు, నిరుడు ఎంతమందికి ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్న మూడింటికీ సమాధానం దొరకకపోతే ఫీజు కట్టకండి.

8. పంపాక

రాలేదని టెన్షన్ పడి ఫైల్ మూసేయకండి. సమీక్షకుల వ్యాఖ్యలు ఇవ్వమని మర్యాదగా మెయిల్ పెట్టండి. ఇస్తే వాటికి ఒక్కొక్కటిగా జవాబు రాసుకుని మళ్లీ పంపండి. వస్తే, అదే రోజు ఒక పాత చెప్పుల డబ్బా తీసి బల్ల మీద పెట్టుకోండి. బస్ టికెట్, కూలీల సంతకాల కాగితం, జిగురు అట్టల బిల్లు, కొరియర్ రసీదు, అన్నీ ఏ రోజుకారోజు అందులో వేయండి. ఖర్చుల లెక్క అడిగే రోజుకి బస్ టికెట్ మీద సిరా చెరిగిపోతుంది కాబట్టి ముందే ఫోటో తీసి పెట్టుకోండి.