నీటి ఒడ్డున సీఫుడ్ భోజనం: ఎలా ఎంచుకోవాలి, ఎలా తినాలి?

సీఫుడ్ రెస్టారెంట్‌లో కూర్చోగానే మెనూ తెరవకండి. ముందు "ఈ రోజు ఏం వచ్చాయి?" అని అడగండి. మెనూ ఎప్పుడో అచ్చు వేయించింది, చేపలు మాత్రం ఏ రోజుకారోజు మారతాయి, గాలి ఎక్కువై పడవలు వెళ్లకపోతే అసలు రావు కూడా. ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటయ్యాక నాకు ఒడ్డున తిన్న భోజనం చెడిపోయింది చాలా తక్కువ.

సరే, మొదటి నుంచి వద్దాం. పొద్దు గుంకడానికి ఓ గంట ముందే అక్కడికి చేరండి, బండి ఉంటే ఒకచోట పెట్టేసి ఒడ్డు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడవండి. నడిచి తిరగగలిగే పేట అయితే వచ్చే లాభమే ఇది, నాలుగైదు చోట్లు చూసి ఒకటి ఎంచుకోవచ్చు. సగం ఎంపిక ముక్కే చేసేస్తుంది. సముద్రపు చేప చచ్చాక దాని ఒంట్లోని ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది, నీచు వాసన ప్రధానంగా దానిదే. అందుకే గుమ్మంలోనే నీచు గుప్పుమంటే ముందుకు నడవండి. ఐసు మీద చేపలు పేర్చి ఉంటే ఒక్క నిమిషం ఆగి కళ్లు చూడండి: ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉంటే మంచిది, లోపలికి పీక్కుపోయి మసకబారితే వద్దు.

ఫ్రీజ్ చేసిన చేప అని వెయిటర్ చెబితే మాత్రం వెంటనే కాదనకండి. పడవలోనే గడ్డకట్టించిన చేప, రోజుల తరబడి ఐసులో పడున్న చేపకన్నా బాగుండొచ్చు. పైగా అడిగినప్పుడు నిజం చెప్పే చోటు నాకు నచ్చుతుంది.

ఆర్డర్ దగ్గర రెండు జాగ్రత్తలు. పీతలు, పెద్ద చేపలు చాలాచోట్ల బరువు లెక్కన ఇస్తారు, కాబట్టి వండకముందే బరువెంత, మొత్తం ఎంతవుతుంది అని అడగండి. నేను ఒకసారి అడక్కుండా పెద్ద పీత చెప్పేసి, బిల్లు వచ్చాక సాయంత్రమంతా బాధపడ్డాను. ఇంకోటి, మీతో ఉన్నవాళ్లలో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడకపోతే కూర్చోగానే చెప్పేయండి, ఎందుకంటే అన్నీ ఒకే నూనెలో వేయిస్తుండొచ్చు. పచ్చి ఆయిస్టర్లు, అంటే ఉడికించని ఆల్చిప్పల మాంసం, గర్భిణులు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు తినకూడదు. వాటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, నిమ్మరసం పిండినా, కారం సాస్ వేసినా అది చావదు.

ఇద్దరుంటే ఒక చేప మొత్తంగా, ఒక పీత చెప్పుకుని పంచుకోండి. తాజా చేపకి ఉప్పూ నిప్పూ చాలు, చిక్కటి సాస్‌లో ముంచితే ఇంత వెతికిన ఫలం పోతుంది.

చేప ప్లేటులోకి వచ్చాక దాన్ని తిరగేయకండి, ముళ్లన్నీ కలిసిపోతాయి. తల వెనక నుంచి తోక దాకా, పక్క మధ్యలో చెంచా అంచుతో గీత గీసి, మాంసాన్ని పైకి సగం, కిందికి సగం జరపండి. బాగా ఉడికిన చేప అయితే వెన్నుముల్లుని వదిలి రేకులు రేకులుగా వచ్చేస్తుంది, గాజులా మెరుస్తూ ముల్లుకి అంటుకుని ఉంటే వెనక్కి పంపి ఇంకాస్త ఉడికించమనండి. తర్వాత తోక పట్టుకుని మెల్లగా పైకి లేపితే వెన్నుముల్లు తలతో సహా లేచి వస్తుంది, అడుగు సగం మీకు దాదాపు ముల్లు లేకుండా మిగులుతుంది. తల పారేసేముందు కంటి కింద బుగ్గలో గోరంత మెత్తటి ముక్క ఉంటుంది చూడండి, నా లెక్కలో చేప మొత్తంలో రుచి అదే.

పీతకి చేతులే కావాలి. బోర్లించి పొట్ట కింద ఉన్న రేకుని ఎత్తి, అక్కడ బొటనవేలు పెట్టి పైడొప్ప ఊడదీయండి. పక్కల బూడిదరంగులో మెత్తటి వేళ్లలా వేలాడేవి మొప్పలు, వాటిని తీసి పారేయండి. ఒళ్లు రెండుగా విరిచి, కాళ్లు ఒక్కొక్కటే మెలితిప్పి లాగితే మొదట్లో ఉన్న మాంసం కాలితోపాటే వస్తుంది. ముందున్న పెద్ద కాళ్ల మీద న్యాప్కిన్ కప్పి చెంచా వెనక్కి తిప్పి కొట్టండి, లేకపోతే పెంకులు పక్క టేబుల్ మీద పడతాయి. తొందరపడకండి, ఒక పీతకి అరగంట పట్టినా పట్టనివ్వండి.

తిన్నాక వేళ్లకి నిమ్మచెక్క రుద్దుకుని కడుక్కోండి, నిమ్మలోని పులుపు నీచు వాసనని అణిచేస్తుంది. చీకటి పడ్డాక నీటి మీది గాలి చల్లగా తగులుతుంది కాబట్టి పలచటి శాలువా ఒకటి తెచ్చుకుని ఉంటే, వచ్చిన దారినే ఇంకోసారి నెమ్మదిగా నడిచి బండి దగ్గరికి వెళ్లండి.