జీవాస్ ఫలితాలు తేడాగా ఉన్నాయా? ముందు డేటాను అనుమానించండి

జీవాస్ అంటే చాలామంది డీఎన్‌ఏను ఆసాంతం జల్లెడ పట్టి, వ్యాధితో ముడిపడిన తేడాలను వెతికే అధ్యయనం.

సమస్య: క్యూక్యూ ప్లాట్‌లో (వచ్చిన పి-విలువలను యాదృచ్ఛికంగా రావాల్సిన వాటితో పోల్చే గ్రాఫ్) చుక్కలు మొదటి నుంచే గీతను వదిలి పైకి పోతున్నాయి, లాంబ్డా (ఫలితాలు ఎంత ఉబ్బాయో చెప్పే సంఖ్య, 1 దగ్గర ఉండాలి) 1.2 దాటింది.

చాలాసార్లు కారణం జనాభా మిశ్రమం. రోగులు ఒక సమూహం నుంచి, ఆరోగ్యవంతులు మరో సమూహం నుంచి ఎక్కువగా వస్తే, వ్యాధితో సంబంధం లేని తేడాలన్నీ సంకేతాల్లా కనిపిస్తాయి. మొదటి 10 ప్రిన్సిపల్ కాంపోనెంట్లను (వంశమూల తేడాలను కుదించి చూపే అంకెలు) మోడల్‌లో చేర్చండి. వాటిని లెక్కించే ముందు 6వ క్రోమోజోమ్‌లోని ఎంహెచ్‌సీ ప్రాంతాన్ని (రోగనిరోధక జన్యువులు కిక్కిరిసిన చోటు) తీసేయండి. లేకపోతే ఒక కాంపోనెంట్ వంశమూలాన్ని వదిలేసి ఆ ప్రాంతాన్నే పట్టుకుంటుంది. నమూనాల్లో బంధువులుంటే బంధుత్వాన్నీ లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడాలి.

అయితే వేల జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసినా పెద్ద నమూనాలో లాంబ్డా పెరుగుతుంది. ఈ రెంటినీ విడదీసే ఎల్‌డీ స్కోర్ రిగ్రెషన్ అనే పద్ధతిలో ఇంటర్‌సెప్ట్ 1కి దగ్గరగా ఉంటే కంగారు అక్కర్లేదు. ఇవేమీ చూడకుండా అన్నిటినీ లాంబ్డాతో భాగించేయడం రోగం వదిలేసి జ్వరమాపిని సరిచేయడమే.

సమస్య: మాన్‌హటన్ ప్లాట్‌లో (క్రోమోజోమ్‌ల వెంబడి సంకేతాల బలాన్ని ఎత్తుగా చూపే గ్రాఫ్) ఒకే ఒక్క చుక్క ఆకాశంలో ఉంది, చుట్టుపక్కల ఏమీ లేదు.

నిజమైన సంకేతానికి సాధారణంగా పొరుగు ఎస్‌ఎన్‌పీల (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోట్ల) తోడు ఉంటుంది. ఒంటరి చుక్కను నేనైతే జీనోటైప్ లోపమనే, అంటే డీఎన్‌ఏ అక్షరాలను తప్పు చదవడమనే అనుకుంటాను. క్లస్టర్ ప్లాట్ తెరవండి: ఒక్కో జీనోటైప్‌కు ఒకటి చొప్పున మూడు గుంపులు విడివిడిగా ఉండాలి. రెండు కలిసిపోయి కనిపిస్తే ఆ ఎస్‌ఎన్‌పీని పక్కన పెట్టండి. హార్డీ-వైన్‌బర్గ్ పరీక్ష (జీనోటైప్‌లు ఆశించిన నిష్పత్తిలో ఉన్నాయో లేదో చూసేది) ఆరోగ్యవంతుల్లోనే చేయండి. రోగుల్లో ఆ సమతుల్యత తప్పడానికి వ్యాధే కారణం కావచ్చు. రోగులకూ ఆరోగ్యవంతులకూ వేర్వేరు జీనోటైపింగ్ చిప్‌లు వాడి ఉంటే మాత్రం ఏ వడపోతా పూర్తిగా కాపాడదు.

సమస్య: శిఖరం గట్టిదే, మరో నమూనాలోనూ వచ్చింది. కానీ పక్కనున్న జన్యువును ప్రయోగశాలలో కదిపితే ఆశించిన ప్రభావం లేదు.

దగ్గరి జన్యువే దోషి అనుకోవడం ఇక్కడి పొరపాటు. 2007లో ఊబకాయ సంకేతం ఎఫ్‌టీఓ అనే జన్యువు మొదటి ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌గా మారని భాగంలో) దొరికింది, అందరి చూపూ ఎఫ్‌టీఓ మీదే పడింది. 2014, 2015 అధ్యయనాలు మాత్రం ఆ ప్రాంతం లక్షల బేస్‌ల దూరంలోని ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 జన్యువులను నియంత్రిస్తోందని చూపాయి.

ముందు ఫైన్ మ్యాపింగ్‌తో అనుమానిత ఎస్‌ఎన్‌పీల జాబితాను కుదించండి. తర్వాత అవే ఎస్‌ఎన్‌పీలు ఏ జన్యువు వ్యక్తీకరణను మారుస్తున్నాయో కోలోకలైజేషన్‌తో చూడండి. కణజాలం ఎంపికే కీలకం. ఎఫ్‌టీఓ విషయంలో ఆ మార్పు కొవ్వు కణాలుగా ఎదగబోయే తొలి కణాల్లో బయటపడింది. ఎదిగిన కణజాలంలో మాత్రమే వెతికితే దొరక్కపోవచ్చు.

సమస్య: రెండో నమూనాలో ప్రభావం దిశ తలకిందులైంది.

ఎ/టి, సి/జి ఎస్‌ఎన్‌పీలను చూడండి. డీఎన్‌ఏ ఎదురు పోగులో చదివినా అవే అక్షరాలు వస్తాయి, అందుకే ఏ పోగో తెలియదు. తరచుదనం 50 శాతానికి దగ్గరగా ఉంటే తొలగించడమే మేలు. స్థానాలే కలవకపోతే ఒక ఫైలు జీఆర్‌సీహెచ్37, ఇంకొకటి 38 (మానవ జన్యుపటం రెండు వేర్వేరు వెర్షన్లు) అయి ఉంటుంది.

సమస్య: జన్యువుల జాబితాలో తేదీలు కనిపిస్తున్నాయి.

ఎక్సెల్ పని. మార్చ్1 లాంటి పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది. 2020 నాటికి ఆ జన్యువుల పేర్లే మార్చేశారు గానీ, పాత ఫైళ్లలో ఇంకా తగులుతుంటాయి. పేర్లకు బదులు ఎన్‌సెంబుల్ డేటాబేస్ ఇచ్చే జన్యు ఐడీలతో పనిచేస్తే ఈ బాధ ఉండదు.