ఇంటి నుంచే ఆన్‌లైన్ వేలం: మొదటి వస్తువు పెట్టే ముందు ఏం సర్దుకోవాలి?

వేలం పాటతో వస్తువులు అమ్మే అమెరికా సైటు ఈబే. దాని ఇండియా సైటు 2018లో మూతపడింది. ఇప్పుడు మన దేశంలో జనం కొనే పెద్ద సైట్లలో ధర ముందే రాసి ఉంటుంది, పాట ఉండదు. ఈబే విదేశీ సైట్లలో మాత్రం ఇక్కడి నుంచి అమ్ముకోవచ్చు. కాబట్టి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంట్లో కూర్చుని వేలం పెడుతున్నామంటే ఎగుమతి వ్యాపారంలో దిగుతున్నట్టే. ఏర్పాట్లన్నీ ఆ లెక్కనే చేసుకోవాలి.

1. వేలానికి పనికొచ్చే సరుకు

ఒకేలాంటివి వంద దొరికే సరుకును వేలంలో పెట్టకండి. పొందూరు ఖాదీ తానును నిర్ణీత ధరకు అమ్ముకోవడమే మేలు. ఏ రెండూ ఒకేలా ఉండనివి, చేతిపని కొట్టొచ్చినట్టు కనిపించేవి వేలంలో బాగా పలుకుతాయి. పనస చెక్కతో చేసే బొబ్బిలి చిన్న వీణలు, బుడితి కంచు, ఇత్తడి సామాను అలాంటివే. చేసేవాళ్ల దగ్గరకే వెళ్లి కొనండి, చిన్నదైనా సరే బిల్లు అడగండి.

అటక మీది తాతలనాటి సామాను జోలికి మాత్రం ముందే వెళ్లొద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు, లోహపు వస్తువులు ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంత పాతవైతే బ్రిటిషు వెండి రూపాయలూ ఇందులోకే వస్తాయి. దంతం, నెమలి ఈకలు కూడా కుదరవు. ఇంకో మాట: నిన్న మొన్న చేసిన ఇత్తడి గంటకు పాత రంగు పట్టించి ‘యాంటిక్’ అని పేరు పెట్టేవాళ్లున్నారు. కొన్నవాడిని మోసం చేయడం సంగతి అలా ఉంచితే, ఆ ఒక్క మాట చూసి కస్టమ్స్‌వాళ్లు పార్సిలు ఆపేస్తారు.

2. కాగితాలు

అసలు చిక్కంతా పేరు దగ్గరే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరంగా మిగులుతుంది. మనవాళ్లకు అది మామూలే గానీ, ఈబే, దాని తరఫున డబ్బు పంపే పయోనీర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తాయి. తేడా ఉంటే ఖాతా ఆగిపోతుంది, అమ్మిన డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. మూడింట్లో ఒకే పేరు వచ్చేలా సరిచేయించుకున్నాకే దరఖాస్తులు మొదలుపెట్టండి.

తర్వాత కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైటులో ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్) నంబరు తీసుకోవాలి. ఫీజు 500 రూపాయలు. పాన్, చిరునామా రుజువు, గీత కొట్టి రద్దు చేసిన చెక్కు చాలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అదే సైటులోకి వెళ్లి వివరాలు ధ్రువీకరించకపోతే నంబరు నిలిచిపోతుంది. మార్పులేమీ లేకున్నా చేయాల్సిందే, చాలామంది మరిచిపోయేది ఇదే. జీఎస్టీ సంగతి మీ సరుకును బట్టి ఆడిటరుతో తేల్చుకోండి. జీఎస్టీ నంబరు తీసుకుంటే ఎల్‌యూటీ అనే హామీ పత్రం కూడా పెట్టండి, పన్ను ముందు కట్టకుండానే ఎగుమతి చేయొచ్చు. దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా పెట్టాలి. అద్దె ఇల్లయితే యజమాని సమ్మతి పత్రం, కరెంటు బిల్లు ముందే చేతిలో పెట్టుకోండి.

3. ఫొటో కన్నా ముందు తూకం

పాట మొదలయ్యాక ధర పెంచుకునే వీలుండదు. అందుకే వస్తువును పెట్టెలో పెట్టి, టేపు వేసి, అప్పుడు తూచండి. 900 గ్రాముల గంట ప్యాకింగుతో 1,350 గ్రాములు అవుతుంది. చేతికి దొరికిన 25×20×20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే కొరియర్‌వాళ్లు కొలతల్ని గుణించి 5,000తో భాగించి 2 కిలోలకు డబ్బు తీసుకుంటారు. అదే గంట 20×18×15 పెట్టెలో పడితే ఆ లెక్క 1,080 గ్రాములే, అసలు బరువుకు కడితే సరిపోతుంది.

ఇక ధర. ఉదాహరణకు గంట 1,400, ప్యాకింగు 150, పోస్టు 1,900 అనుకుందాం. మొత్తం 3,450. సైటు రుసుము, డాలరు మార్పిడి కోత కలిపి 20 శాతం పోతుందనుకుంటే, చాలామంది 3,450 మీద 20 శాతం వేసి 4,140 చాలనుకుంటారు. కోత పడేది వచ్చిన మొత్తం మీద, అందులో పోస్టు ఖర్చూ ఉంటుంది. 4,140లో 20 శాతం పోతే మిగిలేది 3,312, అంటే 138 నష్టం. 3,450ని 0.8తో భాగించాలి: 4,313. పాట అంతకు తక్కువలో మొదలుపెట్టొద్దు. ఒక డాలరుతో మొదలుపెడితే జనం ఎగబడతారన్న సలహా ఎంతమంది చెప్పినా, కొత్త ఖాతాకు అది పనికిరాదు. ఒక్కరే వస్తే వస్తువు ఒక డాలరుకే పోతుంది.

అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. ఆ సుంకం ఎవరు కట్టాలో హెడ్ పోస్టాఫీసులో కనుక్కుని లెక్కలో కలపండి. పోస్టు ద్వారా ఎగుమతికి వాళ్లు నడిపే డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రం గురించీ అక్కడే అడగొచ్చు.

4. ప్యాకింగ్

గంట నాలుకకు గుడ్డ చుట్టి, కదలకుండా దారంతో కట్టాలి. లేకపోతే దారి పొడవునా కొట్టుకుని లోపలి అంచు చొట్టలు పడుతుంది. చింతపండుతో తోమితే నీళ్లతో రెండుసార్లు కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. మన తీరప్రాంతపు తేమకు చెమ్మ ఏమాత్రం మిగిలినా పెట్టెలోనే పచ్చగా కిలుము పడుతుంది. వీణకు తంతులు వదులు చేసి పంపాలి. ఐదు పొరల అట్టపెట్టె, చుట్టూ రెండంగుళాల మెత్త ఉండాలి. ఎండుగడ్డి మాత్రం వాడొద్దు, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో అక్కడే ఆపేస్తారు. అంతా అయ్యాక నడుము ఎత్తు నుంచి ఒకసారి పడేసి, పెట్టె ఊపి చూడండి. లోపల చప్పుడు వస్తే మళ్లీ విప్పాల్సిందే.

5. ఫొటోలు, వేళ

ఇత్తడిని ఎండలో తీస్తే అంతా మెరుపే కనిపిస్తుంది. నీడగా వెలుతురున్న వరండాలో తెల్లగుడ్డ పరిచి, పక్కన స్కేలు పెట్టి ఏడెనిమిది తీయండి. అడుగుభాగం, చొట్ట, గీత కూడా చూపించాలి. శీర్షికలో 80 అక్షరాలే పడతాయి కాబట్టి పొగడ్తలు వదిలేసి వస్తువు, లోహం, ఊరు, ఎత్తు రాయండి.

ఏ వేళకు పెడితే అదే వేళకు వేలం ముగుస్తుంది, పాట ఊపందుకునేది చివరి నిమిషాల్లోనే. ఆదివారం న్యూయార్కులో రాత్రి 9, కాలిఫోర్నియాలో సాయంత్రం 6 అయ్యేసరికి మనకు సోమవారం పొద్దున 6:30. అక్కడి చలికాలంలో, అంటే నవంబరు మొదటి వారం నుంచి మార్చి రెండో వారం దాకా, 7:30. ఏడు రోజుల వేలాన్ని సోమవారం ఆ వేళకే మొదలుపెట్టండి. కొత్త ఖాతాకు నెలకు ఇన్నే అమ్మాలని పరిమితి ఉంటుంది కాబట్టి రెండు మూడు వస్తువులతో చూడండి. ఎవరూ పాడకపోతే ధర తగ్గించకుండా మొదటి ఫొటో, శీర్షిక మార్చి మరో వారం పెట్టండి. అప్పటికీ కదలకపోతే నిర్ణీత ధరకు మార్చేయండి.